మెల్లగా మాట్లాడే పిల్ల

ముందుగా చదివేవాళ్లు నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయాక, జుట్టంతా నెరిశాక. ఒక చోట పెట్టాల్సిన ఒత్తు ఇంకో చోట పెడతాను. పేజీ నింపడానికి పూట పడుతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మగ్గాల షెడ్డులో ఒకామెను అందరూ గంటమ్మ అనేవారు. అంత పెద్ద గొంతు మరి. అయితే ఆ గొంతు షెడ్డు బయటే వినిపించేది. లోపల మరమగ్గాలు వరసగా ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా మాట చేరదు. అందుకని అక్కడివాళ్లు పెదాలతో మాట్లాడుకుంటారు. ఈ చివర ఉన్న మనిషి పెదాలు కదిపితే ఆ చివర ఉన్న మనిషి నవ్వుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు వీళ్లంతా మూగవాళ్లేమో అనిపిస్తుంది. పని దిగి బయటికొస్తే మాత్రం చెవుల్లో ఇంకా మగ్గాలే ఆడుతుంటాయి కనుక పక్కనున్న మనిషితో కూడా కేకలే. గంటమ్మ కేక వీధి మొదట్లో వినిపిస్తే ఇంట్లో అత్తగారు మంచం మీద లేచి కూర్చునేది.

అత్తగారికి చూపు పోయి చాలా కాలమైంది. చెవులు మాత్రం పాము చెవులు. గంటమ్మ మొగుడు ఆమెకు సరిగ్గా వ్యతిరేకం. కళ్లు చురుకు, చెవులు మందం. చిన్నప్పటి నుంచీ మగ్గాల మధ్యే బతికాడు కాబట్టి ఇంట్లో కూడా పెళ్లాం పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. ఆమె వీపు తిప్పి మాట్లాడితే, "ఏమన్నావు? ఇటు తిరిగి చెప్పు" అనేవాడు.

గంటమ్మ మెడలో గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు, కోసి తీసేయాలన్నారు. అత్తగారు బెంగపడుతుందని మొగుడు ఒక అబద్ధం ఆడాడు.

"వాళ్లక్కకు ఒంట్లో బాగాలేదమ్మా. చూడ్డానికి వెళ్లింది. నీకు తోడుగా ఎవరినైనా పెడతాలే."

"ఎవర్నో పెట్టడమెందుకురా, డబ్బులు ఎక్కువయ్యాయా?" అంది ముసలామె.

ఆపరేషన్ అయింది. గడ్డ మంచిదేనని చెప్పారు. గొంతు బొంగురుగా ఉందంటే, లోపల గొట్టం పెట్టాం కదా, కొన్నాళ్లుంటుంది, పోతుందిలే అంది నర్సు. గంటమ్మ ఇంటికొచ్చి గడపలోంచే, "అత్తయ్యా, నేనొచ్చాను" అంది. అందనుకుంది. టైరులోంచి గాలి పోయినట్టు వచ్చిందే తప్ప అందులో గొంతు లేదు.

అత్తగారు తల ఇటు తిప్పింది. "ఎవరూ? పనికి పెట్టిన పిల్లవా? చెప్పులు ఆ మూలన విప్పు. రేపటి నుంచి కాస్త పెందలాడే రా."

గంటమ్మ మొగుడి వైపు చూసింది. "నా గొంతు చూశారా, ఎలా అయిపోయిందో!"

అతను ఆమె పెదాలకేసి చూసి తాపీగా, "ఏమైంది? బాగానే మాట్లాడుతున్నావుగా" అన్నాడు.

ఆ పూట ఆమెకు ఏది నిజమో అర్థం కాలేదు. ఒకరేమో తన మాటలో తనే లేదంటున్నారు. ఇంకొకరు అంతా ఉన్నట్టే ఉందంటున్నారు. రేపో మాపో గొంతు సర్దుకుంటుంది, అప్పుడు అత్తయ్యకు నవ్వుతూ చెప్పొచ్చు, ఇప్పుడు ఆపరేషనని ఆమెను కంగారు పెట్టడం దేనికి అనుకుని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది.

కుట్లు మానాక పనిలోకి వెళ్లింది. షెడ్డులో ఒక్కరికీ తేడా తెలియలేదు. పెదాలు ఎప్పటిలాగే ఆడుతున్నాయి, అందరూ ఎప్పటిలాగే జవాబిస్తున్నారు. తన గొంతుకేమీ కాలేదేమో, ఇంట్లో గోడల్లోనే ఏదో ఉందేమోనని కూడా ఆమెకు అనిపించింది. కానీ నూలు దుమ్ముకు ఆగని దగ్గు. నీళ్లు తాగితే కొరబోయి పొలమారేది. దగ్గలేక మగ్గం పట్టుకుని వంగిపోతుంటే మేస్త్రీ చూసి ఆమెను బట్ట మడతల గదికి మార్చాడు. అక్కడ మగ్గాల హోరు లేదు. బట్ట విప్పడం, మరకలు చూడడం, మడత పెట్టడం.

మొదటి రోజే పక్కనున్న మనిషి మోచేత్తో పొడిచింది. "ఏంటి గంటమ్మా, గుసగుసలు? ఎవరి గుట్టు చెబుతున్నావు?"

"గుట్టూ లేదు, గుడ్డూ లేదు. ఇదే నా గొంతు."

"అయ్యో! నిజంగానా? మూడు వీధులకు వినిపించే గొంతు, ఏమైపోయింది?"

మడతల గదిలో అందరికన్నా పెద్దామె ఒకతె దగ్గరికొచ్చి ఆమె మెడ మీద మచ్చ చూసింది. "ఇది జలుబు గొంతు కాదమ్మాయ్. ఇంకా నాన్చకు. గొంతు డాక్టరు దగ్గరకి పో" అంది.

గొంతు డాక్టరు పెద్దగా మాట్లాడని మనిషి. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, దాని చివరనున్న కెమెరా చూపించేదంతా పక్కన తెర మీద పెట్టింది. గంటమ్మ కళ్ల నీళ్లు కారుతుండగా తెర వైపు చూసింది. ఎర్రటి గుహలో తెల్లటి రెండు పట్టీలు కనిపించాయి.

"ఈ... అనండి."

"ఈ..."

కుడి పట్టీ చటుక్కున మధ్యకు వచ్చింది. ఎడమది ఉన్నచోటే ఉండిపోయింది, నిద్రపోయే మనిషిని ఎవరో పిలుస్తున్నా లేవనట్టు.

"మాట్లాడేటప్పుడు ఈ రెండూ దగ్గరికొచ్చి ఆనాలి. ఆనితేనే గొంతు. మీకు ఒకటి రావడం లేదు. ఆ సందులోంచి గాలి పోతోంది, నీళ్లు కూడా అందులోంచే ఊపిరి గొట్టంలోకి దిగుతున్నాయి. దీన్ని కదిపే నరం థైరాయిడ్ గడ్డకు వెనకగా పోతుంది. ఆపరేషన్‌లో సాగి ఉంటుంది. ఎంత జాగ్రత్తపడినా కొందరికి ఇలా జరుగుతుంది. ఎడమ స్వరతంత్రికి పక్షవాతం అంటాం."

పక్షవాతం అన్న మాట తోడొచ్చిన మొగుడు డాక్టరు పెదాల మీద పట్టుకున్నాడు. వెంటనే పెళ్లాం ఎడమ చెయ్యి పైకెత్తి వదిలాడు. చెయ్యి గాల్లోనే నిలబడింది.

"డాక్టరుగారూ, చెయ్యి బాగానే ఉందండీ. కాలు కూడా బాగుంది. మెట్లెక్కి వచ్చింది."

"చేతికి కాదండీ. గొంతులో ఒక్క నరానికే. మెదడుకేమీ కాలేదు. ఇంతకీ మాట ఎప్పుడు మారింది? మీకెలా వినిపిస్తోంది?"

"నాకా? ఎప్పటిలాగే ఉందండీ" అన్నాడు.

డాక్టరు గంటమ్మ వైపు చూసింది. గంటమ్మ తల కొట్టుకుంది. "ఆయనకు వినిపించదండీ. చూస్తాడంతే."

నరం దానంతటది కోలుకోవచ్చని, ఏడాది దాకా ఆశ ఉంటుందని డాక్టరు చెప్పింది. ఈలోగా ఆ పట్టీని ఉబ్బించడానికి సూది మందు వేయవచ్చంది. మెడలో సూది అనగానే గంటమ్మ కుర్చీలోంచి సగం లేచింది. సరే, ముందు మాట నేర్పే అమ్మాయి దగ్గరకు వెళ్లండి అని పంపించింది డాక్టరు. ఆ అమ్మాయి మంచిది, నవ్వుతూనే గట్టిగా చెప్పేది. గడ్డం కిందికి వంచి, తల ఎడమకు తిప్పి, చిన్న గుక్కలుగా మింగమంది. మాట మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పింది. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటుంది.

"అరవొద్దు. గుసగుసలు అసలే వద్దు. గుసగుసలాడితే గొంతు మీద ఇంకా భారం. ఉన్న గొంతుతోనే, ఉన్నంతలోనే పలకండి."

"అరవకపోతే నేను నేనెట్లా అవుతానమ్మా?" అంది గంటమ్మ. ఆ అమ్మాయి నవ్వి, మళ్లీ మొదటి నుంచి పలకమంది.

ఇంట్లో సంగతి వేరే దారి పట్టింది. అత్తగారికి ఈ కొత్త పిల్ల నచ్చింది.

"అమ్మాయ్, నీ మాట మెత్తన. మా కోడలుంది చూశావూ, అదొస్తే కప్పులు గలగల్లాడతాయి." తల చేత్తో తడుముకుని, "కాస్త ఈ తల దువ్వుతావా? చిక్కుపడి చంపుతోంది" అని అడిగింది.

గంటమ్మ దువ్వెన తెచ్చింది. ఇన్నేళ్లలో అత్తగారు ఆమెను తల దువ్వమని ఒక్కనాడూ అడగలేదు. కాళ్లు పట్టమని అడగలేదు. వీపు గోకమని అడగలేదు. ఇప్పుడు వరసగా అడుగుతోంది.

ఒకరోజు గంటమ్మ ఆగలేక అడిగేసింది. "మీ కోడలిచేత చేయించుకోరా ఇవన్నీ?"

"దాన్నెట్లా అడుగుతానే? పొద్దంతా మగ్గాల ముందు నిలబడి వస్తుంది. కాళ్లు మొద్దుల్లా ఉబ్బి ఉంటాయి. నేను చూడలేననుకుంటుంది. నడక చప్పుడులో తెలియదూ? అరిస్తే అరిచింది, పోనీలే అని ఊరుకుంటాను. అది గడపలోంచే అంతా చెప్పుకుంటూ వస్తుంది. ఇదిగో బల్ల, ఇదిగో నీళ్లు, ఇటు జరగండి అని. విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఇల్లంతా గుడ్డిగా ఉంది." ముసలామె ముక్కు చీదింది. "ఇంకా రాలేదేమే? వాళ్లక్కకు అంత జబ్బా?"

దువ్వెన చేతిలోనే ఉండిపోయింది. గంటమ్మకు సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. తనను తిడుతున్నదీ తనతోనే, మెచ్చుకుంటున్నదీ తనతోనే. ఆ మెప్పు అందుకోవడానికి మాత్రం తను అక్కడ లేదు.

ఆ సాయంత్రం మొగుణ్ని నిలబెట్టింది. "ఇక చెప్పేద్దాం. నావల్ల కాదు."

చెప్పారు. అతను తల్లి మంచం మీద కూర్చుని, "అమ్మా, ఈమె పనిపిల్ల కాదు. నా పెళ్లామే" అన్నాడు.

"మరి వాళ్లక్క దగ్గరికి వెళ్లిందన్నావు?"

"అబద్ధం చెప్పానమ్మా. ఆపరేషన్ అయింది. గొంతు మారింది."

ముసలామె మంచం పట్టె తడుముకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఆపరేషన్‌లో పోయిందా?"

"పోలేదమ్మా! ఇదిగో, నీ ముందే ఉంది!"

"అప్పుడు అబద్ధం చెప్పానంటున్నావు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్లా నమ్మాలిరా? ఏదీ అమ్మాయ్, చెయ్యి ఇటివ్వు."

గంటమ్మ ఆశగా చెయ్యి ఇచ్చింది. చెయ్యి చూస్తే తెలిసిపోతుందనుకుంది. అత్తగారు వేళ్ల కొసలు ఒక్కొక్కటే తడిమింది. మగ్గం మీద తెగిన పోగులు ముడేసి ముడేసి నేతగాళ్ల వేళ్లు ఆకురాయిలా గరుకెక్కుతాయి. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకూ, మెట్టినవాళ్లకూ మనిషి గుర్తు అదే. కానీ గంటమ్మ మగ్గం వదిలి, మడతల గదిలో మెత్తటి బట్ట నిమురుతూ ఎన్నో వారాలైంది. గరుకంతా రాలిపోయింది.

"ఇది మగ్గం పట్టిన చెయ్యి కాదు" అంది అత్తగారు. చెయ్యి వదిలేయకుండానే, "నీ తప్పేం లేదమ్మాయ్. వాడు చెప్పమన్నట్టు నువ్వు చెబుతున్నావు. ఒరేయ్, దేవుడు నన్ను గుడ్డిదాన్ని చేశాడు. నువ్వు వెర్రిదాన్ని కూడా చెయ్యకు. అది పోయుంటే పోయిందని చెప్పు, నా ఏడుపు నేను ఏడుస్తాను" అంది.

గంటమ్మ తనకూ అత్తగారికీ మాత్రమే తెలిసిన సంగతులు ఎన్నో చెప్పింది. చూపు పోయిన కొత్తలో ఆమె పెరట్లో పడిపోతే ఎత్తుకొచ్చిన సంగతి కూడా చెప్పింది. "వాడు చెప్పుంటాడు" అంది ముసలామె. చివరికి గంటమ్మ అక్కను పిలిపించారు. అక్క ఆ మంచం పక్కన కూర్చుని ఒట్టేసి చెప్పింది.

"నువ్వూ వీళ్లతో కలిశావా?" అంది ముసలామె. "అయినా నీకు జబ్బని చెప్పారే, గుండ్రాయిలా ఉన్నావు?"

అక్క ఒట్టేసిన చెయ్యి వెనక్కి తీసుకుని లేచింది.

అప్పటి నుంచీ అత్తగారు కుర్చీ వీధి గుమ్మంలో వేయించుకుని కూర్చునేది. ఎవరు నడిచినా తల అటు తిప్పేది. కోడలి కోసమే ఆ ఎదురుచూపు. ఆ కోడలే వెనక నుంచి వచ్చి జావ గిన్నె చేతిలో పెట్టేది. "నా తల్లే, నువ్వన్నా తిన్నావా?" అని అడిగేది ముసలామె. ఒక్కోసారి గంటమ్మకు నిజంగానే అనుమానం వచ్చేది. తను పోయిందేమో, ఇంట్లో తిరుగుతున్నది ఎవరో మెల్లగా మాట్లాడే పిల్లేనేమో అని. అద్దంలో చూసుకుని పెదాలు కదిపేది. పెదాలు తనవే.

ఏడాది తిరిగింది. మళ్లీ కెమెరా పెట్టి చూశారు. ఎడమ పట్టీ కదలలేదు.

"నరం ఇక లేవదు. కానీ గొంతు తెప్పించవచ్చు" అంది డాక్టరు. మెడ మీద చిన్న గాటు పెట్టి, గొంతు ఎముక పక్క నుంచి చిన్న బిళ్ల దూర్చి, ఆ పట్టీని మధ్యకు నెట్టి ఉంచుతారట. అప్పుడు కదిలేది వచ్చి కదలనిదాన్ని ఆనుకుంటుంది. "మత్తు మెడ వరకే. మీరు మెలకువగా ఉండి మాట్లాడాలి. వింటూ బిళ్ల సరిచేస్తాను. మీ పాత గొంతు రికార్డు ఏమైనా ఉందా?"

ఫోనులో ఉన్న వీడియోలన్నీ షెడ్డులోవే. పెదాలు, మగ్గాల హోరు, అంతే.

"పోనీ, మీ గొంతు ఎలా ఉండేదో మీకు తెలుసు కదా?"

గంటమ్మ ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఆ గొంతు చెవికి రాలేదు. తన గొంతును తనెప్పుడు విన్నది? మొగుడు కూడా తల అడ్డంగా ఊపాడు. తోడొచ్చిన అక్క అంది, "దాని గొంతు తెలిసింది ఒక్క మనిషికేనండీ. ఆమె దాన్ని నమ్మడం లేదు."

అంతా విని డాక్టరు మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఫోను చేద్దాం" అంది.

ఆపరేషన్ బల్ల మీద గంటమ్మ ముఖం మీదుగా ఆకుపచ్చ గుడ్డ కప్పారు. మెడ తనది కానట్టు మొద్దుబారింది. ఎవరో నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తోంది తప్ప నొప్పి లేదు. థియేటర్ సిస్టర్ ప్లాస్టిక్ సంచిలో పెట్టిన ఫోను ఆమె చెంప దగ్గర పట్టుకుంది. అవతల ఇంట్లో అక్క ముసలామె చెవి దగ్గర ఫోను పెట్టి, "మీ కోడలు" అని చెప్పింది.

"ఇప్పటికి గుర్తొచ్చానా?" అన్న గొంతు థియేటర్ అంతా వినిపించింది.

డాక్టరు బిళ్ల పెట్టి, "మాట్లాడండి" అంది.

"అత్తయ్యా, నేను." డబ్బాలో రాయి వేసి ఆడించినట్టు గట్టిగా, బిగుసుకుపోయినట్టు వచ్చింది.

"ఎవరయ్యా నువ్వు? రాంగ్ నంబరు" అంది ముసలామె.

సిస్టర్ నవ్వు ఆపుకుంది. డాక్టరు బిళ్ల తీసి ఇంకొకటి పెట్టింది.

"అత్తయ్యా, నేనే. బాగున్నారా?"

"ఇది వాళ్లక్క గొంతులా ఉందే. కానీ అక్క నా పక్కనే ఉంది. ఏంటే ఈ గారడీ, ఇద్దరుగా ఉన్నావా నువ్వు?"

"నేను కాదమ్మా!" అని అక్క అరుపు.

డాక్టరు బిళ్లను కొంచెం కదిపింది. "ఇంకోసారి. ఏదైనా సరే మాట్లాడండి. రోజూ మాట్లాడేదే."

ఏం మాట్లాడాలి? గంటమ్మ బుర్ర ఖాళీ అయిపోయింది. అప్పుడు ఫోనులో కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ముసలామె లేస్తున్న అలికిడి. గంటమ్మకు ఒళ్లంతా తెలిసిన భయం పాకింది.

"అత్తయ్యా, లేవకండి! గడప దగ్గర నీళ్లుంటాయి, జారతారు! గోడ వైపుకి, గోడ వైపుకి జరగండి!"

అవతల చప్పుడు ఆగింది.

"నీళ్లెక్కడున్నాయే ఇక్కడ?" అంది అత్తగారు. "ఎక్కడ తగలడ్డావే ఇన్నాళ్లూ? బతికే ఉన్నావా? ఎక్కడ తగలడ్డావే?"

గంటమ్మ కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఏడవకండి, మెడ కదులుతుంది అంది డాక్టరు. "ఇక దీన్ని కదపను" అని కుట్లు మొదలుపెట్టింది.

తర్వాత గంటమ్మ అడిగింది, ఆ రెండోసారికీ మూడోసారికీ బిళ్ల ఎంత జరిపారని. వెంట్రుకవాసి అంది డాక్టరు. అయితే అత్తయ్య గుర్తుపట్టింది గొంతునా, ఆ కంగారునా? డాక్టరుకు తెలియదట. గంటమ్మకు ఇప్పటికీ తెలియదు.

వాపు తగ్గాక గొంతు నిలబడింది. మునుపటిలా మూడు వీధులు కాదు కానీ ఒక వీధికి సరిపోతుంది. నీళ్లు కొరబోవడం తగ్గింది. మగ్గం దగ్గరికి తిరిగి వెళ్లింది, వేళ్లు మళ్లీ గరుకెక్కాయి. అత్తగారు ఆ వేళ్లు పట్టుకుని ఊరూవాడా చెప్పుకుంది. మొగుడు మాత్రం, "నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను, బాగానే మాట్లాడుతోందని" అన్నాడు.

ఒకరోజు గంటమ్మ పని దిగి వచ్చేసరికి అత్తగారి తల చిక్కుపడి పిచ్చుక గూడులా ఉంది.

"అత్తయ్యా, దువ్వెన తెస్తాను, కూర్చోండి."

"వద్దులేవే. నిలబడి నిలబడి వచ్చావు. పోయి పడుకో."

"నాకేం ఫర్వాలేదు."

"వద్దన్నానా!" కాసేపటికి ముసలామె గొంతు తగ్గించి అడిగింది. "అవునే, ఆ మెల్లగా మాట్లాడే పిల్ల ఏదే? పంపించేశారా? నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయింది. పాపం, నేను దాని చెయ్యి పట్టుకుని నువ్వు మా కోడలివి కాదన్నాను. నొచ్చుకుందేమో."

ఆమె నేనేనని గంటమ్మ మళ్లీ చెప్పబోయింది. ఈసారి నమ్ముతుంది. గొంతుంది, గరుకు వేళ్లున్నాయి, సాక్ష్యాలన్నీ ఉన్నాయి. నమ్మితే మాత్రం? దువ్వించుకోవడానికి, కాళ్లు పట్టించుకోవడానికి ఆ ముసలామెకు ఇంకెవరున్నారు? కోడల్ని అడగదు. అడగలేదు.

గంటమ్మ పెద్దగా, "నేను పడుకుంటున్నానత్తయ్యా!" అని కేకేసి లోపలి గదిలోకి నడిచింది. వెనక తలుపు గుండా బయటికెళ్లి, ఇల్లు చుట్టి వీధి గుమ్మంలోకి వచ్చింది. చెప్పులు మూలన విప్పింది. నూలు గుడ్డ ఒకటి వేళ్లకు చుట్టుకుంది, గరుకు తగలకుండా. మాట నేర్పిన అమ్మాయి చూస్తే చీవాట్లు పెట్టేది. ఒక్క పూటకేం కాదులే అనుకుని, గొంతు పూర్తిగా వదిలేసి, గాలితో అంది.

"అమ్మా, తల దువ్వనా?"

ముసలామె ముఖం ఇంత వెడల్పు అయింది. "వచ్చావా తల్లీ! మెల్లగా, మెల్లగా రా. మా కోడలు ఇప్పుడే పడుకుంది."

రాసినది గంటమ్మ పెద్దక్క. వయసు డెబ్బై రెండు. ఇప్పుడు ఉంటున్నది మగ్గాల షెడ్డు వెనక వీధిలో, చెల్లెలి ఇంటి మేడ మీది గదిలో.